నీలగిరి తైలం: ఇంట్లో ఎలా వాడాలి, ఎక్కడ ఆగాలి

పత్తి ఏరే రోజులు మొదలయ్యాయంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఊళ్లలో నీలగిరి తైలం సీసా అల్మారాలోంచి బయటికొస్తుంది. పొద్దున మంచు, పగలంతా చేలో దుమ్ము, ఇల్లు చేరేసరికి ముక్కు దిబ్బడ, నడుము నొప్పి. సర్ది అయితే ఆవిరిలో నాలుగు చుక్కలు, తల పట్టేస్తే నుదుటికి, మోకాలు నొస్తే మోకాలికి. కొన్ని ఇళ్లలో దగ్గు తగ్గాలని చక్కెరలో చుక్క వేసి నోట్లో కూడా పెడతారు.

ఈ వాడకాల్లో కొన్ని నిజంగా హాయినిస్తాయి. కొన్నింటివల్ల లాభం లేదు. చక్కెరలో వేసి తినిపించడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చే పని. మూడింటికీ వాడేది ఒకటే సీసా కాబట్టి ఏది ఏదో విడదీసి తెలుసుకోవాలి. చుక్కల లెక్క, మనిషి వయసు, పూసే చోటు గుర్తుపెట్టుకుంటే ఈ తైలంతో ఇంట్లో ఇబ్బంది రాదు. ఆ మూడూ చూసుకోకుండా చేయి వంచి పోసుకునే అలవాటు వల్లే భయం.

ముందు సీసాలో ఏముందో చూద్దాం

నీలగిరి తైలం అంటే యూకలిప్టస్ ఆకులను ఆవిరి పట్టి తీసిన నూనె. మందుగా వాడే తైలం ఎక్కువగా యూకలిప్టస్ గ్లోబ్యులస్ అనే జాతి నుంచి వస్తుంది. తమిళనాడులోని నీలగిరి కొండల్లో 1843 ప్రాంతం నుంచి పెంచుతున్న చెట్టు ఇదే. ఇందులో ప్రధానమైన పదార్థం సినియోల్, దీన్నే యూకలిప్టాల్ అని కూడా అంటారు. మందుల తయారీకి పనికొచ్చే తైలంలో సినియోల్ కనీసం 70 శాతం ఉండాలని యూరప్ ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల గ్రంథం, పెట్టిన నిబంధన.

వంద కిలోల పచ్చి ఆకు నుంచి వచ్చే తైలం సుమారు ఒకటి రెండు కిలోలే. అంటే ఒక టీస్పూను తైలంలో పావు కిలో నుంచి అర కిలో దాకా ఆకు సారం ఉందన్నమాట. ఆకు కషాయం తాగినవాళ్లకు ఏమీ కాలేదు కదా, తైలం చుక్కలు తాగితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

మన బీడు భూముల్లో, రోడ్ల పక్కన కనిపించే జామాయిల్ తోటల సంగతి వేరు. అవి ఎక్కువగా కాగితం గుజ్జు కోసం, గుంజల కోసం పెంచిన యూకలిప్టస్‌లోనే టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్ అనే జాతులు, వాటి సంకరాలు. వాటి ఆకులోనూ తైలం ఉంటుంది కానీ సినియోల్ ఎంతన్నది చెట్టు చెట్టుకూ మారిపోతుంది. నిమ్మ వాసన వచ్చే జామాయిల్ ఇంకో జాతి. దాని తైలంలో ఎక్కువ ఉండేది సినియోల్ కాదు, సిట్రోనెల్లాల్ అనే వేరే పదార్థం. చేను గట్టు మీది ఆకు తెంపి ఇంట్లో తైలం కాచుకుంటే ఏం తయారైందో, ఎంత ఘాటుగా తయారైందో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆ పని పెట్టుకోవద్దు.

పీల్చగానే ముక్కు తెరుచుకున్నట్టు ఎందుకుంటుంది? చల్లదనాన్ని పసిగట్టే నరాల కొసలు ముక్కు లోపల ఉంటాయి. సినియోల్ వాటిని తాకుతుంది. గాలి చల్లగా, ధారాళంగా పోతున్నట్టు అనిపిస్తుంది. లోపలి వాపు మాత్రం ఎప్పటిలాగే ఉండొచ్చు. కాబట్టి తైలం సర్దిని నయం చేయదు, సర్ది ఉన్న నాలుగు రోజులు కాస్త సుఖంగా గడిపిస్తుంది. రాత్రి నిద్ర పట్టడమే గగనమైనప్పుడు అది చిన్న సాయమేమీ కాదు.

కొనేటప్పుడు

జాతరల్లో, బస్టాండ్ల దగ్గర "ఊటీ నుంచి తెచ్చినం, ఒరిజినల్" అంటూ లేబుల్ లేని సీసాలు అమ్ముతుంటారు. అవి కొనకండి. మంచి సీసా మీద తైలం పేరు, చెట్టు శాస్త్రీయ నామం, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉంటాయి. ఆయుర్వేద లైసెన్సుతో వచ్చే వాటి మీద తైలపర్ణ తైలం అని కూడా రాసి ఉండొచ్చు. "పెర్ఫ్యూమ్ ఆయిల్", "ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని రాసి ఉంటే అది వాసన కోసం కలిపిన రసాయనం, ఒంటికి పూసుకునేది కాదు.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష ఒకటుంది. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి కొన్ని గంటలు వదిలేయండి. స్వచ్ఛమైన తైలం ఆవిరైపోయి కాగితం దాదాపు మామూలుగా ఉంటుంది. జిడ్డు మరక మిగిలితే వంటనూనె లాంటిదేదో కలిసింది. టర్పెంటైన్ కలిపితే మాత్రం అదీ ఆవిరైపోతుంది కాబట్టి ఈ పరీక్షకు చిక్కదు. పెయింట్ డబ్బా మూత తీసినప్పటి వాసన వస్తే ఆ సీసా పక్కన పెట్టేయండి.

ఇంకోటి, సీసా మూతి చూడండి. మూత కింద సన్నటి రంధ్రంతో ప్లాస్టిక్ బిళ్ల ఉంటే సీసా వంచినా చుక్క చుక్కగానే పడుతుంది. తొందరగా రావట్లేదని చాలామంది ఆ బిళ్లను పిన్నుతో పీకేస్తారు. తర్వాత సీసా కాస్త వంగితే చాలు, స్పూను తైలం ఒక్కసారిగా జారుతుంది. చిన్న పిల్లవాడి చేతికి చిక్కినప్పుడు ఆ బిళ్ల ఉందా లేదా అన్నదే తేడా. బిళ్ల లేని సీసా కొనాల్సి వస్తే మందుల షాపులో చుక్కలు వేసే డ్రాపర్ కూడా అడిగి తెచ్చుకోండి. పని అయ్యాక డ్రాపర్‌ను సీసాలోనే వదిలేయొద్దు. రబ్బరు బుడ్డి మెత్తబడి తైలంలో కలుస్తుంది.

చుక్కల లెక్క

ఒక మిల్లీలీటరు అంటే సుమారు 20 చుక్కలు. డ్రాపర్‌ను బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. 10 మిల్లీలీటర్ల మామూలు నూనెకు, అంటే రెండు టీస్పూన్లకు, 2 చుక్కల తైలం కలిపితే 1 శాతం. 4 చుక్కలైతే 2 శాతం, 6 చుక్కలైతే 3 శాతం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒళ్లు నొప్పులకు 2 శాతం సరిపోతుంది. ముసలివాళ్లకు, చర్మం పలుచగా ఉన్నవాళ్లకు 1 శాతం చాలు. 3 శాతం అన్నది ఒక్క మోకాలు, ఒక్క భుజం లాంటి చిన్న చోటుకు, అదీ కొన్ని రోజులకే.

దగ్గు మందు సీసా మీద వచ్చే గీతల మూత పారేయకుండా కడిగి ఉంచుకుంటే నూనె కొలవడానికి బాగా పనికొస్తుంది. కలపడానికి ఏ నూనె అంటే, వనపర్తి, గద్వాల వైపు గానుగ పల్లి నూనె సులువుగా దొరుకుతుంది, అది చాలు. పల్లీ పడనివాళ్లు ఇంట్లో ఉంటే నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ తీసుకోండి. నీళ్లలో తైలం కలవదు, పైన తేలుతుంది. స్నానం బకెట్‌లో నేరుగా చుక్కలు వేసుకుంటే ఆ తేలే తైలం నీళ్లతో పాటు పచ్చిగా ఒంటికి అంటుకుని మంట పెడుతుంది.

మొదటిసారి వాడేవాళ్లు కలిపిన నూనెను మోచేతి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట రాసి 24 గంటలు ఆగాలి. ఎరుపు, దురద, దద్దురు వస్తే అది మీకు పడదు. తైలం పాతబడేకొద్దీ గాలి తగిలి మారిపోతుంది, అలాంటి తైలానికి చర్మం దద్దుర్లు తేలే అవకాశం ఎక్కువ. అందుకే మూత తీసిన రోజున సీసాకు చిన్న కాగితం అంటించి తేదీ రాయండి. ఏడాది రెండేళ్లు దాటితే ఒంటికి వాడకండి.

ఆవిరి పట్టడం

ఎక్కువమంది వాడేది ఇలాగే, ఎక్కువగా కాలేదీ ఇక్కడే. తైలం కన్నా వేడినీళ్లతోనే ఎక్కువ జాగ్రత్త అవసరం. మంచం మీద కూర్చుని, ఒళ్లో వేడి గంజు పెట్టుకుని, దుప్పటి కప్పుకుని, పక్కన మనవడిని కూడా దుప్పటిలోకి లాక్కోవడం చాలా ఇళ్లలో కనిపించే దృశ్యం. పిల్లవాడు ఉక్కపోతకు ఒక్కసారి కాలు విదిలిస్తే గంజు తిరగబడుతుంది. తొడలు, పొత్తికడుపు కాలిపోతాయి. సర్ది వారంలో పోతుంది, ఆ మచ్చలు జీవితాంతం ఉంటాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు గంజు ఆవిరి వద్దే వద్దు.

పెద్దవాళ్లు పట్టే పద్ధతి ఇది.

1. వెడల్పు అడుగు ఉన్న గంజులో సగానికి నీళ్లు మరిగించి, స్టవ్ ఆపేయండి. రెండు మూడు నిమిషాలు ఆగండి. కుతకుత ఉడికే నీళ్ల మీదికి ముఖం పెట్టడం వల్ల అదనంగా వచ్చేదేమీ లేదు.

2. గంజును నేల మీద గోడ పక్కన గానీ, కదలని బల్ల మీద గానీ పెట్టండి. కింద తడి గుడ్డ పరిస్తే జారదు. ఒళ్లో, మంచం మీద, ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టొద్దు. పిల్లలు ఆ గదిలో లేకుండా చూసుకోండి.

3. ఇప్పుడు 2 చుక్కల తైలం వేయండి. మూడుకు మించొద్దు. స్టవ్ మీద మంట ఉండగా వేయకూడదు, తైలం ఆవిరికి మంట అంటుకుంటుంది. ఘాటు సరిపోలేదని చుక్కలు పెంచితే దిబ్బడ తగ్గదు, కళ్లు మండుతాయి, దగ్గు తెర వస్తుంది.

4. కళ్లు గట్టిగా మూసుకుని, ముఖం నీళ్లకు కనీసం జానెడున్నర పైన ఉంచి, తువ్వాల కప్పుకోండి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే ముందే తీసేయాలి.

5. ఐదు నిమిషాలు పీల్చండి. పది దాటొద్దు. తల తిరిగినా, ఛాతీ బిగిసినట్టున్నా వెంటనే ఆపి బయటి గాలికి రండి. రోజుకు రెండుసార్లు చాలు.

కరెంటు స్టీమర్ వాడేవాళ్లు నీళ్ల ట్యాంకులో తైలం వేయకండి. ఈ తైలం ప్లాస్టిక్‌ను తింటుంది. గిన్నె పగుళ్లు పడితే వేడినీళ్లు మీద పడతాయి. కొన్ని స్టీమర్లలో మందు కోసం విడిగా చిన్న గుంట ఉంటుంది, అందులోనే ఒక చుక్క వేయాలి.

ఆవిరి కన్నా తేలికైన దారి ఇంకోటుంది, నేను ముందు చెప్పేది అదే. శుభ్రమైన దస్తీ మీద ఒకటి రెండు చుక్కలు వేసి, మడతపెట్టి, ముక్కుకు కాస్త దూరంగా పట్టుకుని నాలుగైదు శ్వాసలు తీసుకోవడం. బస్సులో, జిన్నింగు మిల్లులో, కల్లంలో ఎక్కడైనా కుదురుతుంది. కాలే భయం లేదు. దస్తీ మడతలో తైలం తగిలిన వైపు చర్మానికి అంటకుండా చూసుకుంటే చాలు. రాత్రి తలగడ మీద నేరుగా చుక్కలు వేసుకునేవాళ్లున్నారు, నిద్రలో కన్ను దానికి రాసుకుంటుంది. అదే దస్తీని తలవైపు కొంచెం దూరంలో పెట్టుకోండి.

ఆస్తమా ఉన్నవాళ్లకు ఆవిరైనా దస్తీ అయినా వద్దు. ఘాటు వాసనకు ఊపిరి గొట్టాలు బిగుసుకునే ప్రమాదం ఉంది. ఏళ్ల తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చి ఆయాసం పట్టుకున్న మన పెద్దమ్మలూ ఇదే వరుసలోకి వస్తారు. వాళ్లకు ఇన్‌హేలరే మందు.

దగ్గు రెండు వారాలు దాటితే ఏ తైలమూ వెతకొద్దు. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెమడ పరీక్ష చేయించండి. టీబీ పరీక్ష, మందులు రెండూ ప్రభుత్వ దవాఖానలో ఉచితం. అది టీబీ అయి, వాసన పీలుస్తూ నెలలు గడిపితే ఇంట్లో మిగతావాళ్లకూ అంటుకోవచ్చు.

ఒళ్లు నొప్పులకు, కీళ్లకు

రోజంతా వంగి పత్తి ఏరిన నడుము, నాట్లు వేసిన పిక్కలు, పుణె, ముంబై సైట్ల నుంచి తిరిగొచ్చిన పాలమూరు లేబర్ భుజాలు. ఈ నొప్పులకు నీలగిరి తైలం కలిపిన నూనెతో మర్దన హాయినిస్తుంది. చర్మం మీద చల్లదనం, ఆ తర్వాత వెచ్చదనం నొప్పి నుంచి ధ్యాస మళ్లిస్తాయి. అందులో చేతి మర్దన పుణ్యం సగం ఉంటుందని నా అభిప్రాయం.

రెండు టీస్పూన్ల పల్లి నూనెలో 4 చుక్కలు వేసి కలపండి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక, నొప్పి ఉన్న చోట పది నిమిషాలు మెల్లగా రుద్దండి. కోసుకుపోయిన చోట, పత్తి కాయ ముళ్లు గీరిన చోట, పుండ్ల మీద, కాలిన గాయం మీద రాయొద్దు. రాసిన తర్వాత వేడినీళ్ల సంచి పెట్టడం, ఇటుక వేడి చేసి కాపడం పెట్టడం, గుడ్డ గట్టిగా చుట్టేయడం అసలు చేయొద్దు. లోపల వేడి చేరి చర్మం బొబ్బలెక్కుతుంది. కాపడం కావాలంటే నూనె రాయకుండా పెట్టుకోండి, నూనె కావాలంటే కాపడం మానండి. మర్దన అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ముఖ్యంగా చంటిపిల్లను ఎత్తుకునే ముందు.

కీళ్ల నొప్పులకు అమ్మే కలగూర తైలాల్లో నీలగిరితో పాటు గంధపుర తైలం, కర్పూరం, పుదీనా పువ్వు (మెంథాల్) ఉంటాయి. గంధపుర తైలంలో ఉండేది ఆస్పిరిన్ కుటుంబానికి చెందిన మందు, చర్మం గుండా రక్తంలోకి పోతుంది. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ లాంటి మందులు వేసుకునేవాళ్లు, గుండె ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా ఆ తైలాలు రోజూ రుద్దుకోకూడదు. లేబుల్ మీది పదార్థాల పట్టీ చదవడం అలవాటు చేసుకోండి.

మన నల్లగొండ జిల్లా సంగతి ఒకటి ఇక్కడ చెప్పి తీరాలి. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల్లో తరాలుగా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరింది. మెడ తిప్పలేకపోవడం, నడుము వంగకపోవడం, మోకాళ్లు బిగుసుకుపోవడం, పళ్ల మీద గోధుమ రంగు చారలు ఉన్నవాళ్లకు ఆ నొప్పి ఎముక లోపలిది. ఏ తైలమూ అక్కడికి చేరదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ప్రమాణాలు ఒప్పుకుంటాయి. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. పైపు నీళ్లు వస్తున్నా రుచి నచ్చలేదని వంటకు, తాగడానికి మళ్లీ బోరు నీళ్లే పట్టుకునే ఇళ్లున్నాయి. మర్దన నూనె మీద పెట్టే శ్రద్ధ ముందు ఆ బిందె మీద పెట్టాలి. బాధ పడుతున్న పెద్దలకు 1 శాతం నూనెతో మెల్లగా రుద్దితే ఆ పూట కాస్త ఊరట కలుగుతుంది, రుద్దండి. పెళుసుబారిన ఎముకల మీద గట్టిగా నొక్కడం, నాటు వైద్యుల చేత మెడ విరిపించడం మాత్రం చేయించొద్దు.

ఎవరికి వద్దు

మూర్ఛ ఉన్నవాళ్లు ఈ తైలం దగ్గరికే పోవద్దు. యూకలిప్టస్, కర్పూరం ఉన్న బామ్‌లు, తైలాలు పీల్చిన తర్వాత, పూసుకున్న తర్వాత పెద్దవాళ్లలోనూ ఫిట్స్ వచ్చిన కేసులను దక్షిణ భారతంలోని నరాల వైద్యులు పరిశీలించి ప్రచురించారు. అప్పటిదాకా ఎన్నడూ ఫిట్స్ రానివాళ్లూ అందులో ఉన్నారు. ఎవరికైనా తొలిసారి ఫిట్స్ వచ్చి దవాఖానకు వెళితే, ఏ తైలం వాడారో, ఏ బామ్ రాశారో డాక్టరుకు మీరే చెప్పండి.

గర్భిణులు డాక్టరును అడగకుండా వాడొద్దు. పాలిచ్చే తల్లి ఛాతీకి, మెడకు రాసుకుంటే బిడ్డ ముక్కు నేరుగా అక్కడే ఉంటుంది.

పిల్లల విషయంలో కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇంట్లో మాట నెగ్గనిది ఇక్కడే. రెండేళ్ల లోపు పిల్లల ముక్కు దగ్గర, ఛాతీ మీద నీలగిరి, పుదీనా, కర్పూరం ఉన్న ఏ తైలమైనా, ఏ బామ్ అయినా రాస్తే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. విక్స్ డబ్బా మీద కూడా రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దనే రాసి ఉంటుంది. పదేళ్ల దాకా ఈ తైలం ముఖానికి, ముక్కు చుట్టూ పూయకూడదు. నా మాట వింటే పన్నెండేళ్ల దాకా సీసా తైలం ఏ రూపంలోనూ వద్దు. మెడలో కర్పూరం మూట కట్టడం కూడా మానండి. బిడ్డ చేతికి అందేది నోట్లోకే పోతుంది, కర్పూరం కొంచెం మింగినా ఫిట్స్ వస్తాయి.

"ఒక్క సుక్కే గదా బిడ్డా, మీ అందరికీ పెట్టే పెంచినం" అని నానమ్మ అంటుంది. ఆమె ప్రేమను కొట్టిపారేయకుండా, చేతికి ఇంకో పని ఇవ్వండి. "అత్తమ్మా, డాక్టర్ సారు ముక్కులోకి ఉప్పునీటి చుక్కలు రాసిచ్చిండు. జర నువ్వు తల పట్టుకో, నేను ఏస్త" అంటే వినేవాళ్లే ఎక్కువ. మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలు ముక్కు దిబ్బడకు తైలం కన్నా బాగా పనిచేస్తాయి. తల్లిపాలు పట్టండి, పెద్ద పిల్లలకు గోరువెచ్చని నీళ్లు, చారు తాగించండి. ఏడాది నిండిన పిల్లలకు రాత్రి దగ్గుకు అర టీస్పూను తేనె ఇవ్వొచ్చు, ఏడాది లోపు తేనె వద్దు.

బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి తీసి ఛాతీ లేచి పడటం ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40, లేదా అంతకన్నా ఎక్కువ వస్తే న్యుమోనియా కావొచ్చు. పక్కటెముకల కింద గుంట పడుతున్నా, పాలు తాగకపోయినా ఆ రాత్రే దవాఖానకు పోవాలి. ఆశ వర్కర్‌కు ఈ లెక్క తెలుసు, పిలిచి చూపించండి.

ఫోన్లలో తిరిగే చిట్కాలు

దోమల మెషీన్ ఖాళీ రీఫిల్‌లో నీలగిరి తైలం, కర్పూరం నింపి ప్లగ్గులో పెట్టే వీడియోలు చాలామంది చూసే ఉంటారు. ఆ రీఫిల్ ఈ తైలం కోసం చేసింది కాదు, ప్లాస్టిక్ మెత్తబడి కారుతుంది. కారింది వేడి ప్లేటు మీద పడితే మంట. మూసిన గదిలో రాత్రంతా ఆ ఆవిరి పీల్చేది పిల్లలే. దోమలను దూరంగా ఉంచే మందుల్లో నిమ్మ వాసన యూకలిప్టస్ నుంచి తయారుచేసిన పీఎండీ అనేదొకటి నిజంగా పనిచేస్తుంది, మూడేళ్ల లోపు పిల్లలకు అదీ వద్దంటారు. అది సీసా నీలగిరి తైలంలో ఉండేది కాదు. దోమతెర కట్టండి, కూలర్ నీళ్లు మార్చండి.

చెవిపోటుకు చెవిలో, పంటి నొప్పికి చిగురు మీద, పేలకు తలలో, ముక్కు రంధ్రంలో నేరుగా. ఇవేవీ చేయొద్దు.

తేలు కుట్టిన చోట నీలగిరి తైలం రాసి కూర్చోవడం మన చేలల్లో ఇప్పటికీ ఉంది. ఎర్ర తేలు విషం గుండె మీద పనిచేస్తుంది. చెమటలు ధారగా పోయడం, చేతులు కాళ్లు చల్లబడటం, వాంతులు కనిపిస్తే ప్రతి నిమిషమూ విలువైనదే. దానికి ప్రాజోసిన్ అనే మందు దవాఖానలో ఇస్తారు. పిల్లలను కుట్టితే లక్షణాల కోసం చూడకుండానే తీసుకుపోవాలి. పాము కాటు గురించి వేరే చెప్పక్కర్లేదు, తైలం ఊసే వద్దు.

ఇల్లు తుడిచే బకెట్‌లో నాలుగైదు చుక్కలు వేసుకుంటే మాత్రం మంచి వాసన వస్తుంది, తప్పులేదు. ఇంట్లో పిల్లి ఉంటే అదీ మానండి, తన కాళ్లు తనే నాకి ఒళ్లు చెడగొట్టుకుంటుంది.

దాచిపెట్టడం

ఈ తైలం సుమారు 49 డిగ్రీల దగ్గరే మంట అంటుకునేంత ఆవిరి వదులుతుంది. నల్లగొండ మే నెల ఎండ, రేకుల ఇల్లు, పైకప్పు కిందే సామాన్ల అర. ఆ అరలో వేడి ఎంతకు పోతుందో మీకే తెలుసు. పొయ్యి పక్క గూడు, దేవుడి దీపం పక్కన, బండి డిక్కీ ఇవన్నీ తప్పు చోట్లే. ముదురు రంగు గాజు సీసాలో, మూత బిగించి, చల్లగా చీకటిగా ఉండే చోట, తాళం వేసే పెట్టెలో ఉంచండి. దగ్గు మందు సీసాల పక్కన పెట్టొద్దు. రాత్రి కరెంటు పోయినప్పుడు చీకట్లో ఒకదానికి బదులు ఇంకోటి స్పూన్‌లో పోసే పొరపాటు ఇలాగే జరుగుతుంది. కూల్‌డ్రింకు సీసాలోకి, నీళ్ల బాటిల్‌లోకి మార్చిపోయడం అసలే వద్దు.

మింగితే

పిల్లల్లో 5 మిల్లీలీటర్లు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ మింగినా ప్రాణాపాయం ఏర్పడిన సందర్భాలున్నాయి. నోట్లో మంట, వాంతి, తూలడం, మగత, ఆపైన స్పృహ తప్పడం, ఫిట్స్. సాధారణంగా అరగంటలోపే మొదలవుతాయి, కొన్నిసార్లు గంటల తర్వాత. బిడ్డ ఇప్పుడు బాగానే ఆడుకుంటున్నాడు కదా అని ఇంట్లో కూర్చోవద్దు.

వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, చింతపండు రసం, పాలు, గుడ్డు సొన ఏదీ పట్టొద్దు. వాంతితో పైకొచ్చిన తైలం ఊపిరితిత్తుల్లోకి జారితే కడుపులో ఉన్నదానికన్నా పెద్ద ముప్పు. నోరు తడిగుడ్డతో తుడవండి. బట్టల మీద పడితే విప్పేసి సబ్బుతో కడగండి. మగతగా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూను దూర్చడం చేయకుండా పక్కకు తిప్పి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. కంట్లో పడితే పదిహేను నిమిషాలు ఆగకుండా మంచినీళ్ల ధారతో కడిగి ఆ తర్వాత కంటి డాక్టరు దగ్గరికి.

వెంటనే 108కి ఫోన్ చేయండి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ప్రభుత్వ వైద్య కళాశాలల దవాఖానలున్నాయి. అంబులెన్స్ వచ్చేలోపు ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117కు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. బయల్దేరేటప్పుడు ఆ సీసాను అలాగే చేత్తో పట్టుకుపోండి. లేబుల్ మీద ఏముందో, సీసాలో ఎంత మిగిలిందో, ఎన్ని గంటలకు మింగాడో డాక్టరు అడిగే మొదటి మూడు ప్రశ్నలు అవే.